కేంబ్రిడ్జికి సి.ఆర్. రావు ఏం తీసుకెళ్లారు?

(సి.ఆర్. రావు స్మృతిలో చేసిన ఉపన్యాసానికి అచ్చు పాఠం)



కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 2023 ఆగస్టు 22న అమెరికాలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 102 ఏళ్లు. గణాంకశాస్త్రంలో నోబెల్‌తో సమానంగా ఎంచే అంతర్జాతీయ బహుమతి ఆ ఏడాదే ఆయనకు దక్కింది. ఆ బహుమతి తెచ్చిపెట్టిన వ్యాసం 1945లో అచ్చయింది. ఒక పాతికేళ్ల యువకుడు రాసిన వ్యాసాన్ని ప్రపంచం 78 ఏళ్ల తర్వాత కూడా వాడుకుంటూనే ఉంది.

రావుగారి గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఆయన పేరు మీద ఉన్న సిద్ధాంతాలతో మొదలుపెట్టి పద్మవిభూషణ్ దగ్గర ముగిస్తారు. నేను మాత్రం ఆయన జీవితంలోని రెండేళ్ల గురించే మాట్లాడతాను. 1946 ఆగస్టు నుంచి 1948 ఆగస్టు దాకా ఆయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఉన్నారు. ఇవాళ తెలుగు ఇళ్లలో ఇంటర్ దాటిన పిల్లలున్న ప్రతిచోటా విదేశీ చదువు మాట వినిపిస్తోంది. బ్రిటిష్ విశ్వవిద్యాలయం ఒక విద్యార్థికి ఏమివ్వగలదు, ఆ విద్యార్థి అక్కడికి ఏం తీసుకెళ్లాలి అన్న ప్రశ్నకు ఆ రెండేళ్లలో మంచి జవాబుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కేంబ్రిడ్జి రావుగారిని తయారుచేయలేదు. ఆయన తయారయ్యే వెళ్లారు. అక్కడివాళ్లకు కావలసిన విద్య ఒకటి చేతపట్టుకుని వెళ్లారు. అందుకే కేంబ్రిడ్జి ఆయనకు అంతగా ఉపయోగపడింది.

విశాఖ నుంచి కలకత్తాకు

రావుగారు 1920 సెప్టెంబరు 10న హువిన హడగలిలో పుట్టారు. అది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి జిల్లా ఊరు, ఇప్పుడు కర్ణాటకలో ఉంది. పదిమంది సంతానంలో ఆయన ఎనిమిదోవారు కాబట్టే కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రిది పోలీసు ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. బదిలీ అయినప్పుడల్లా బడి మారేది: గూడూరు, నూజివీడు, నందిగామ, చివరికి విశాఖపట్నం. తల్లి లక్ష్మీకాంతమ్మగారు తెల్లవారుజామున నాలుగింటికే లేపి, నూనెదీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారు. ఆ సంగతిని ఆయన పెద్దయ్యాక ఒక పుస్తకం అంకితంలో కృతజ్ఞతతో రాసుకున్నారు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి మొదటి స్థానంలో నిలిచారు. అప్పటి వైస్‌చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కాలేజీలో చదివి వచ్చినవారే. అయితే రావుగారికి విశాఖలో పరిశోధన కొనసాగించే వీలు దొరకలేదు. యుద్ధకాలం. సైన్యానికి సంబంధించిన గణితజ్ఞుడి ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్లారు. ఉద్యోగం రాలేదు కానీ అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసింది. 1941 జనవరి 1న అందులో చేరారు. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి గణాంకశాస్త్రంలో ఎం.ఏ. పట్టా, బంగారు పతకం అందుకున్నారు. వెంటనే అక్కడే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు.

ఆ క్లాసులోనే ఒక ఘటన జరిగింది. నమూనా చాలా పెద్దదైనప్పుడు మన అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే, బ్రిటిష్ గణాంకశాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ సూత్రాన్ని రావుగారు వివరిస్తున్నారు. వి.ఎం. దాండేకర్ అనే విద్యార్థి లేచి, నమూనా చిన్నదైతే ఇలాంటి హద్దు ఉండదా అని అడిగాడు. భారతదేశంలో పేదరికం మీద తర్వాత పేరుపొందిన అధ్యయనం చేసిన ఆర్థికవేత్త దాండేకర్ ఆయనే. రావుగారి దగ్గర అప్పటికప్పుడు జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని లెక్క చేసి మర్నాడు క్లాసులో నిరూపించి చూపించారు.

ఆ ఫలితం సారం ఇది. ఎంత తెలివైన పద్ధతి వాడినా, పక్షపాతం లేని అంచనాలో పొరపాటు ఒక హద్దుకంటే కిందికి దిగదు. ఆ హద్దు మన దగ్గరున్న దత్తాంశంలోని సమాచారాన్ని బట్టి ఉంటుంది. మామూలు సగటు విషయంలో చూస్తే, పొరపాటును సగానికి తగ్గించాలంటే నమూనాను నాలుగింతలు చేయాల్సిందే, దగ్గరి దారి లేదు. స్వీడన్‌లో హెరాల్డ్ క్రామర్ కూడా విడిగా ఇదే ఫలితాన్ని చేరుకుని 1946లో తన పుస్తకంలో ప్రచురించారు. అందుకే దీన్ని క్రామర్-రావు హద్దు అంటున్నాం. అదే 1945 వ్యాసంలో మరో ఫలితం కూడా ఉంది. ముతక అంచనాను మెరుగుపరిచే ఆ పద్ధతిని అమెరికాలో డేవిడ్ బ్లాక్‌వెల్ 1947లో స్వతంత్రంగా కనుక్కున్నారు. ఇవాళ దాని పేరు రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం.

విద్యార్థులు ఇక్కడ తేదీలు గమనించాలి. ఇందులో రావుగారు చేసిన పనంతా ఆయన కేంబ్రిడ్జి చూడకముందే జరిగింది.

సూడాన్ ఎముకలు, కలకత్తా సూత్రం

1946లో కేంబ్రిడ్జి నుంచి పిలుపు వచ్చింది. పిలిచింది గణిత విభాగం కాదు, మ్యూజియం. సూడాన్‌లో జెబెల్ మోయా అనే చోట మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు హెన్రీ వెల్‌కమ్ పెద్దయెత్తున తవ్వకాలు జరిపించారు. మందుల వ్యాపారంలో గడించిన సొమ్ముతో నడిపించిన తవ్వకాలవి. సుమారు మూడు వేల సమాధులు బయటపడ్డాయి. అక్కడి అస్థిపంజరాలు బ్రిటన్ చేరి, ఏళ్ల తరబడి పెట్టెల్లో మగ్గి, చాలామటుకు దెబ్బతిన్నాయి. మిగిలినవాటిని కేంబ్రిడ్జి మానవశాస్త్రవేత్త జె.సి. ట్రెవర్ అధ్యయనం చేయాలనుకున్నారు. ఆ పురాతన జనం చుట్టుపక్కల ఏ జనానికి దగ్గర, ఎవరికి దూరం అని తేల్చడానికి కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను కట్టిన మహలనోబిస్ రూపొందించిన కొలమానం ఒకటే దారిగా ఆయనకు కనిపించింది. దాన్ని వాడటం తెలిసినవాళ్లను పంపమని అడిగితే, మహలనోబిస్ రావుగారిని, రామకృష్ణ ముఖర్జీని పంపారు.

ఆ కొలమానం ఏం చేస్తుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. రెండు జనసమూహాలున్నాయి. ఒక్కొక్కరికి రెండు కొలతలు తీశాం: ఎత్తు, కాలి పొడవు. మొదటి సమూహం సగటున రెండు కొలతల్లోనూ ఒక్కో ప్రామాణిక విచలనం మేర ఎక్కువగా ఉందనుకోండి. ఈ కొలతలకు ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే రెండు తేడాల వర్గాలు కూడితే చాలు, దూరం 2 వస్తుంది. కానీ పొడగరికి కాళ్లూ పొడుగే ఉంటాయి. అలా కూడితే ఒకే తేడాను రెండుసార్లు లెక్కపెట్టినట్టే. రెండు కొలతల మధ్య సహసంబంధం 0.8 ఉంటే మహలనోబిస్ సూత్రం ప్రకారం దూరం 1.11 మాత్రమే. ఇప్పుడు ఇంకో పరిస్థితి. మొదటి సమూహం ఎత్తులో ఒక విచలనం ఎక్కువ, కాలి పొడవులో ఒక విచలనం తక్కువ. విడివిడిగా చూస్తే తేడాలు ఇంతకుముందు ఉన్నంతే. సూత్రం మాత్రం దూరం 10 అని చెబుతుంది. కలిసి నడవాల్సిన రెండు కొలతలు ఎదురెదురుగా నడిచాయంటే ఆ రెండు సమూహాల మధ్య తేడా నిజంగా లోతైనది. విడివిడి కొలతల్లో కనపడని సంగతి వాటి మధ్య సంబంధంలో బయటపడుతుంది.

ఇది రెండు కొలతల లెక్క. ఒక పుర్రెకు ఎనిమిది కొలతలు తీస్తే 28 జతల సహసంబంధాలు చూసుకోవాలి. పాత ఎముకల్లో ఒకదానికి దవడ ఉండదు, ఇంకోదానికి నుదురు పగిలి ఉంటుంది. కేంబ్రిడ్జిలో ఎడ్‌సాక్ కంప్యూటర్ మొదటిసారి పనిచేసింది 1949 మేలో. అప్పటికి రావుగారు తిరిగి వచ్చేశారు. అంటే ఈ గుణకారాలూ భాగహారాలూ అన్నీ బల్ల మీది చిన్న లెక్కల యంత్రాలతో, కాగితం మీద నిలువు వరసల్లో వేసుకుంటూ చేయాల్సిందే. ఎక్కడ ఒక్క అంకె తప్పినా మళ్లీ మొదటికి రావాలి.

అలా పని చేస్తుండగానే కొత్త ప్రశ్నలు పుట్టాయి. రెండు సమూహాలను వేరుచేసే సూత్రాన్ని ఫిషర్ 1936లోనే ఇచ్చారు. సమూహాలు అనేకం ఉంటే? చేతిలో ఉన్న ఒక్క పుర్రె వాటిలో దేనికి చెందుతుందో ఎలా నిర్ణయించాలి? దేనికీ చెందకపోతే? ఈ ప్రశ్నలకు జవాబులే ఆయన పీహెచ్‌డీ సిద్ధాంతవ్యాసంగా రూపుదిద్దుకున్నాయి. జీవశాస్త్ర వర్గీకరణలోని గణాంక సమస్యలు దాని విషయం. 1948లో పట్టా వచ్చింది. జెబెల్ మోయా మీద ముఖర్జీ, రావు, ట్రెవర్ కలిసి రాసిన గ్రంథాన్ని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం 1955లో ప్రచురించింది.

ఫిషర్ ఎలుకల గది

రావుగారు కింగ్స్ కాలేజీలో విద్యార్థిగా నమోదై, పీహెచ్‌డీ పర్యవేక్షణకు రోనాల్డ్ ఫిషర్‌ను ఆశ్రయించారు. ఆధునిక గణాంకశాస్త్రానికి పునాదులు వేసిన ఫిషర్ అప్పుడు కేంబ్రిడ్జిలో జన్యుశాస్త్ర ఆచార్యులు. ఆయన ఒప్పుకున్నారు, కానీ సమస్యను మాత్రం నువ్వే వెతుక్కోవాలన్నారు. తన జన్యుశాస్త్ర ప్రయోగశాలలో కూడా పని చేయమన్నారు. స్టోరీస్ వే అనే వీధిలో విటింగ్‌హేమ్ లాడ్జి అనే పాత ఇంట్లో ఆ విభాగం ఉండేది. అక్కడ ఎలుకలను పెంచేవారు. క్రోమోజోముల మీద జన్యువులు ఎక్కడెక్కడ ఉన్నాయో తేల్చడానికి ఎలుకలను జతకట్టించి, పుట్టిన పిల్లల లక్షణాలు ఒక్కొక్కటీ రాసిపెట్టేవారు. రావుగారు మ్యూజియంలో ఉద్యోగం చేస్తూనే ఆ పని కూడా చేశారు.

గణాంకశాస్త్రంలో బంగారు పతకం తెచ్చుకున్నవాడు ఎలుకల బోనుల దగ్గర కూర్చోవడం మనకు వింతగా అనిపించవచ్చు. ఫిషర్ ఉద్దేశం స్పష్టంగా ఉంది. అంకెలు ఎలా పుడతాయో చూడనివాడు వాటిని విశ్లేషించలేడు. వేర్వేరు ఎలుకల కుటుంబాల నుంచి వచ్చిన ఫలితాలను ఒకచోట కలపవచ్చా, అవి ఒకే మాట చెబుతున్నాయా అన్న ప్రశ్న ఇలాంటి ప్రయోగాల్లో ఎప్పుడూ వస్తుంది. అలాంటి సమస్యలే వెనకనుండగా రావుగారు 1948లో కేంబ్రిడ్జి ఫిలసాఫికల్ సొసైటీ పత్రికలో ఒక పరీక్షా పద్ధతిని ప్రచురించారు. దాన్నే ఇవాళ రావు స్కోర్ పరీక్ష అంటాం. ఆర్థికశాస్త్రం చదివే పిల్లలు లగ్రాంజ్ మల్టిప్లయర్ పరీక్ష అని నేర్చుకునేది కూడా అదే. ఎలుకల లెక్కల్లో పుట్టిన పద్ధతి ఇవాళ మార్కెట్ల విశ్లేషణలో పనికొస్తోంది.

ఆనాటి విద్యార్థి జీవితం

అది సుఖంగా గడిచే కాలం కాదు. యుద్ధం అయిపోయింది కానీ కరువు పోలేదు. యుద్ధంలో కూడా లేని రొట్టె రేషన్ 1946 జూలైలో మొదలై రెండేళ్లు నడిచింది. 1947 మొదటి నెలల్లో బ్రిటన్‌ను కనీవినీ ఎరగని చలి పట్టుకుంది. బొగ్గు రవాణా ఆగిపోయి కరెంటు కోతలు పెట్టారు. మార్చిలో మంచు కరిగి నదులు పొంగాయి. విశాఖ ఎండల్లో పెరిగినవాడికి అది ఎలాంటి మొదటి చలికాలమో ఊహించుకోవచ్చు.

కానీ కేంబ్రిడ్జి పద్ధతిలో ఒక గొప్ప బలం ఉంది, అది ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది. ఏడాదికి మూడు టర్ములు, ఒక్కొక్కటి ఎనిమిది వారాలే. క్లాసు పాఠాలతో పాటు ఒకరిద్దరు విద్యార్థులను ఎదుట కూర్చోబెట్టుకుని గురువు వారానికోసారి వాళ్లు రాసినదాన్ని వాక్యం వాక్యం ప్రశ్నిస్తాడు. పరిశోధక విద్యార్థి తన విభాగం దాటి కాలేజీ భోజనశాలలో వేరే శాస్త్రాలవాళ్లతో కలిసి కూర్చుంటాడు. గణితజ్ఞుడు అలన్ ట్యూరింగ్ 1947–48 విద్యాసంవత్సరాన్ని అదే కింగ్స్ కాలేజీలో గడిపారు. మాక్స్ పెరుట్జ్, జాన్ కెండ్రూల ప్రోటీన్ పరిశోధక బృందం కేవెండిష్ ప్రయోగశాలలో 1947లోనే ఏర్పడింది. ఎముకలు, ఎలుకలు, యంత్రాలు, అణువులు అన్నీ నడిచివెళ్లేంత దూరంలోనే ఉన్నాయి. ఇలాంటి ఇరుగుపొరుగును డబ్బు పోసి ఒక్కరోజులో కట్టలేం.

ఆ గొప్పతనంలో లోటు కూడా ఉంది. కేంబ్రిడ్జిలో ఆడపిల్లల కోసం గిర్టన్ కాలేజీ 1869లో, న్యూనమ్ 1871లో మొదలయ్యాయి. అమ్మాయిలు పరీక్షలు రాశారు, అబ్బాయిలకంటే మంచి మార్కులూ తెచ్చుకున్నారు. పూర్తి పట్టా మాత్రం 1948 దాకా ఇవ్వలేదు. రావుగారికి పీహెచ్‌డీ ఇచ్చిన ఏడాదే ఆ తలుపు తెరుచుకుంది. మన కలకత్తా విశ్వవిద్యాలయం కాదంబినీ గంగూలీకి, చంద్రముఖీ బసుకు 1883లోనే పట్టాలిచ్చింది. ఏడు వందల ఏళ్లు దాటిన విశ్వవిద్యాలయం కూడా కొన్ని విషయాల్లో మనకంటే 65 ఏళ్లు వెనకబడిందని మన పిల్లలు తెలుసుకోవాలి.

గురువుగారి నీడ

ఫిషర్ గురించి ఇంకో మాట చెప్పకుండా ఈ ఉపన్యాసం ముగించడం న్యాయం కాదు. ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడే, 1911లో, కేంబ్రిడ్జిలో యూజెనిక్స్ సంఘం స్థాపనలో ముందున్నారు. మనుషుల్లో మేలురకాన్ని ఎంచి పెంచాలనే ఆ సిద్ధాంతం తర్వాతి రోజుల్లో ఎంత ఘోరానికి దారితీసిందో చరిత్ర చెబుతుంది. ఫిషర్ చదివిన కీస్ కాలేజీ భోజనశాలలో ఆయన స్మారకంగా 1989లో రంగుల గాజు కిటికీ పెట్టారు. ప్రయోగ రూపకల్పనలో ఆయన వాడిన లాటిన్ చదరం దాని బొమ్మ. 2020లో విద్యార్థులు, అధ్యాపకులు ప్రశ్నించడంతో కాలేజీ దాన్ని తొలగించింది. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియం మానవ అవశేషాలను ప్రదర్శన నుంచి తీసేసింది. వాటిలో మన నాగా కొండల నుంచి తీసుకెళ్లినవి కూడా ఉన్నాయి.

కొందరికి ఇది అతి అనిపించవచ్చు. నా దృష్టిలో ఇది విశ్వవిద్యాలయం చేయాల్సిన పనే. ఫిషర్ సూత్రాలు పాఠ్యపుస్తకాల్లోంచి ఎవరూ తీసేయలేదు, తీసేయలేరు. సూత్రాన్ని గౌరవించడం వేరు, అన్నం తినే చోట మనిషిని గోడకెక్కించి గౌరవించడం వేరు. రావుగారు పుర్రెలు కొలిచిన కాలంలోనే ఆ కొలతలతో జాతుల మధ్య ఎక్కువతక్కువలు తేల్చాలని చూసినవాళ్లు యూరప్‌లో ఎందరో ఉన్నారు. మహలనోబిస్ కొలమానం ఎంత దూరమో చెబుతుంది, ఎవరు గొప్పో చెప్పదు. ఎంత దూరం అన్న ప్రశ్న దగ్గరే ఆగడం కూడా శాస్త్రజ్ఞుడి సంస్కారమే.

ఇవాళ వెళ్లే పిల్లలకు

ఇప్పుడు మన రోజులకు వద్దాం. బ్రిటన్‌లో మాస్టర్స్ ఏడాదిలో అయిపోతుంది. తక్కువ కాలం కాబట్టి మన పిల్లలు ఎక్కువగా వెళ్తున్నారు. నిబంధనలు మాత్రం వేగంగా మారుతున్నాయి. 2024 జనవరి నుంచి పాఠ్య మాస్టర్స్ విద్యార్థులు కుటుంబాన్ని వెంట తీసుకెళ్లే వీలు లేదు, పరిశోధక విద్యార్థులకే ఆ వీలుంది. చదువయ్యాక అక్కడ ఉండి ఉద్యోగం వెతుక్కునే రెండేళ్ల గడువు, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలకు తగ్గుతోంది. పీహెచ్‌డీ చేసినవాళ్లకు మూడేళ్ల గడువు అలాగే ఉంది.

ఇందులోనే ఒక సూచన ఉంది. బ్రిటన్ ప్రభుత్వ పరిశోధనా మండళ్లు 2021 నుంచి తమ పీహెచ్‌డీ స్థానాల్లో 30 శాతం దాకా విదేశీ విద్యార్థులకు ఇచ్చే వీలు కల్పించాయి. 2025–26లో ఆ విద్యార్థులకు కనీస జీవన భృతి ఏడాదికి 20,780 పౌండ్లు. పోటీ చాలా గట్టిది. కానీ అక్కడ చూసేది మార్కుల జాబితా ఒక్కటే కాదు. ఏ సమస్య మీద పని చేయాలనుకుంటున్నావు, ఇంతకుముందు ఏం చేశావు, దత్తాంశాన్ని చేతితో ముట్టుకున్నావా అని అడుగుతారు. పొలం తనఖా పెట్టి ఏడాది చదువు కొనుక్కునే ముందు ప్రతి కుటుంబం ఈ రెండో దారిని కూడా చూడాలి.

రావుగారు ఫీజు కట్టి కేంబ్రిడ్జిలో సీటు కొనుక్కోలేదు. మ్యూజియం జీతమిచ్చి పిలిపించుకుంది. ఎందుకంటే కలకత్తాలో తయారైన ఒక పనిముట్టు కేంబ్రిడ్జిలో లేదు. ఆ పనిముట్టు తయారుకావడానికి మహలనోబిస్ 1931 నుంచి ఒక సంస్థను ఇటుక ఇటుకా పేర్చారు. తిరిగి వచ్చాక రావుగారు అదే సంస్థలో ముప్ఫై ఏళ్లు పనిచేశారు. గణితజ్ఞుడు ఎస్.ఆర్.ఎస్. వరదన్ అక్కడే ఆయన దగ్గర పరిశోధన చేసి 2007లో ఏబెల్ బహుమతి అందుకున్నారు. అప్పు తీర్చడం అంటే ఇదే.

కాబట్టి మూడు విన్నపాలు చేసి ముగిస్తాను. విద్యార్థులారా, విమానం ఎక్కేలోపు మీదంటూ ఒక ప్రశ్న సంపాదించుకోండి. దానిమీద ఇక్కడే, ఉన్న వసతులతోనే, కొంత పని చేయండి. అధ్యాపకులారా, క్లాసులో దాండేకర్ లాంటి పిల్లవాడు లేచి సిలబస్‌లో లేని ప్రశ్న అడిగితే కూర్చోబెట్టకండి, ఆ రాత్రి దానిమీద పని చేయండి. విశ్వవిద్యాలయాలను నడిపే పెద్దలారా, పరిశోధన చేయాలని వచ్చిన పిల్లవాడికి స్కాలర్‌షిప్పు సకాలంలో ఇవ్వండి. 1940లో ఒక రాధాకృష్ణారావుకు విశాఖలో చోటు దొరక్కపోతే కలకత్తా ఆదుకుంది. అందరికీ కలకత్తా దొరకదు. ఆ చోటు ఇక్కడే కల్పించడం మన బాధ్యత.